హాలు ఇరుకుగా అనిపిస్తోందా?

ప్రశ్న: కొత్త ఫ్లాట్‌లో ఫాల్స్ సీలింగ్, పెద్ద సోఫా పెట్టించాం. హాలు ఇరుకుగా, ఆస్పత్రిలా అనిపిస్తోంది. ఏం చేయాలి? – ఓ పాఠకురాలు, విజయవాడ

జవాబు: ఆస్పత్రిలా అనిపించడానికి కారణం చాలావరకు లైట్లేనండి. 6500 కెల్విన్ తెల్ల బల్బులు తీసేసి, 3000 కెల్విన్ పసుపు కాంతివి పెట్టండి. సీలింగ్ లైట్లు కొన్ని ఆపి, సోఫా పక్కన ఒక స్టాండు ల్యాంపు ఉంచండి. ఖర్చు తక్కువ, తేడా ఆ రాత్రే తెలుస్తుంది. సోఫా మార్చక్కర్లేదు, నడవడానికి 3 అడుగుల దారి ఉంటే చాలు. కర్టెన్ రాడ్డును సీలింగ్‌కు దగ్గరగా బిగించి, కర్టెన్లు నేలదాకా దించండి. గది ఎత్తుగా కనిపిస్తుంది. ఫాల్స్ సీలింగ్ హాలంతా వేయించకుండా ఉండాల్సింది. 9.5 అడుగుల ఎత్తున్న గదిలో అరడుగు పోవడం చిన్న విషయం కాదు. అయినా ఇప్పుడు పీకించకండి. దానికి ముదురు రంగు ఉంటే తెల్లరంగు వేయించండి.