పిలాటీస్ వ్యాయామం – తొలి అడుగు

ఆలూరు, ఆదోని ప్రాంతాలలో పత్తి తీసే కూలీలు ఉదయం నుంచి సాయంకాలం వరకు నడుము వంచే పనిచేస్తారు. 1938లో మాచాని సోమప్ప నెలకొల్పిన చేనేత సహకార సంఘంతో పేరొందిన ఎమ్మిగనూరులో నేతగాడు గుంటమగ్గం ముందు గంటల తరబడి కూర్చుంటాడు. పరీక్షలకు సిద్ధమయ్యే విద్యార్థి పుస్తకం మీదికి మెడ వంచి రాత్రులు గడుపుతాడు. ముగ్గురి పనులూ వేరు; ముగ్గురినీ వేధించే నడుము నొప్పి మాత్రం ఒకటే. కష్టించే దేహమంతా దృఢమైన దేహం కాదు. ఏ పనియైనా కొన్ని కండరాలనే అలసిపోయేటట్లు చేసి, తక్కిన వాటిని మరచిపోతుంది. అలా మరుగునపడిన కండరాలను మేల్కొలిపే పద్ధతులలో పిలాటీస్ ఒకటి.

ఈ పద్ధతికి ఆ పేరు దాని రూపకర్త జోసెఫ్ పిలాటీస్ వల్ల వచ్చింది. ఆయన 1883లో జర్మనీలో జన్మించాడు. బాల్యంలో ఉబ్బసం వంటి వ్యాధులతో బాధపడిన ఆ బలహీనుడు, వ్యాయామంతోనే తన దేహాన్ని తీర్చిదిద్దుకొన్నాడు. 1914లో మొదటి ప్రపంచయుద్ధం ఆరంభమైనప్పుడు ఇంగ్లండులో ఉన్న ఆయనను, జర్మన్ దేశీయుడన్న కారణంతో నిర్బంధ శిబిరంలో ఉంచారు. అక్కడ తోటి బందీలకు ఆయన వ్యాయామం నేర్పాడు. మంచం పట్టిన రోగుల కోసం మంచాలకు స్ప్రింగులు బిగించి, పడుకొనే వ్యాయామం చేయించాడని చెబుతారు. 1926లో న్యూయార్క్ చేరి, భార్య క్లారాతో కలిసి శిక్షణశాల నడిపాడు. తన పద్ధతిని ఆయన ‘కంట్రాలజీ’ అన్నాడు. అనగా దేహాన్ని మనస్సు అదుపులో ఉంచే విద్య. 1945లో వెలువడిన ఆయన గ్రంథంలో ముప్పది నాలుగు వ్యాయామాలు ఉన్నాయి. 1967లో ఆయన మరణించాడు.

అదే తరంలో వీరఘట్టానికి చెందిన కోడి రామమూర్తి నాయుడు ఊపిరి బిగబట్టి, ఛాతీకి చుట్టిన ఇనుప గొలుసులను తెంచి ఆంధ్రదేశానికి కీర్తి తెచ్చాడు. అది మల్లుని బలప్రదర్శన. పిలాటీస్‌లో ఊపిరి బిగబట్టరాదు. ప్రతి కదలికా శ్వాసను అనుసరించాలి. ఇక్కడ ఎంత బరువు ఎత్తామన్నది కాదు, ఎంత శ్రద్ధగా కదిలామన్నదే ముఖ్యం.

ప్రారంభించడానికి యంత్రాలు అక్కరలేదు. సమతలమైన నేల, దానిపై పరచిన కంబళి చాలు. మొదట వెల్లకిలా పడుకొని, మోకాళ్లు మడిచి, పాదాలను నేలకు ఆనించాలి. అరచేతులను పక్కటెముకలపై ఉంచి ముక్కుతో గాలి పీల్చాలి. పక్కటెముకలు ఇరువైపులకు విచ్చుకొనడం చేతులకు తెలియాలి. నోటితో నెమ్మదిగా గాలి వదులుతూ పొత్తికడుపును లోనికి తీసుకోవాలి. ఇది పట్టుబడిన తరువాత, గాలి వదులుతూ నడుమును మెల్లగా పైకెత్తి, ఒక్కొక్క వెన్నుపూసనే నేలకు దించాలి. మూడవది ‘నూరు’ అనే అభ్యాసం. చేతులను దేహం పక్కన చాచి, చిన్నగా పైకీ కిందికీ ఆడిస్తూ, ఐదు లెక్కించే వరకు గాలి పీల్చి, ఐదు లెక్కించే వరకు వదలాలి. ఇలా పదిమార్లు చేస్తే నూరు పూర్తవుతుంది. కొత్తవారు తల ఎత్తక, పాదాలు నేలపైనే ఉంచి, రెండు మూడు ఆవృత్తులతో ఆరంభించాలి. వారానికి రెండు మూడు దినాలు, పదిహేను నిమిషాలు చాలు.

నొప్పి కలిగితే వెంటనే ఆపాలి. వెన్నుకు గాయమైనవారు, హృద్రోగులు, గర్భిణులు వైద్యుని సలహా లేకుండా ఆరంభించరాదు. దీర్ఘకాలిక నడుము నొప్పికి ఇది ఉపశమనం ఇవ్వగలదని పరిశోధనలు సూచిస్తున్నాయి. కాని ఇతర వ్యాయామాలకన్న ఇది మిన్న అని రుజువు కాలేదు. చేనులోనైనా, మగ్గం వద్దనైనా పని నడుమ విశ్రాంతి అవసరమే. ఏ వ్యాయామమూ దానికి బదులు కాదు.

మొక్కై వంగనిది మానై వంగునా అన్నది లోకోక్తి. మొక్క దశలోనే ఉన్న విద్యార్థికి అది హెచ్చరిక. అయితే రోగగ్రస్తమైన బాల్యాన్ని జయించి లోకానికి వ్యాయామ గురువైన పిలాటీస్ జీవితం మరొక మాట కూడా చెబుతుంది: బలహీనత తుదితీర్పు కాదు. ఓర్పుతో తీసిన ప్రతి శ్వాసా బలానికి తొలి మెట్టే.

అభ్యాసం

1. ‘కష్టించే దేహమంతా దృఢమైన దేహం కాదు’ – పాఠం ఆధారంగా వివరించండి.
2. జోసెఫ్ పిలాటీస్ జీవిత విశేషాలను సంగ్రహంగా రాయండి.
3. కొత్తగా పిలాటీస్ ఆరంభించేవారు పాటించవలసిన జాగ్రత్తలు ఏవి?