మట్టి గోడలను నిలబెట్టే కొలువు

అమెరికాలోని న్యూ మెక్సికో రాష్ట్రం, రాంచోస్ డి టావోస్ అనే ఊళ్లో పచ్చి ఇటుకలతో కట్టిన పాత చర్చి ఉంది. ఏటా మట్టి పూత వేసే శ్రమ తప్పుతుందని 1967లో దానికి సిమెంటు పూశారు. గోడలోకి చేరిన తడి బయటికి పోయే దారి మూసుకుపోయింది. గట్టిగా కనిపించే సిమెంటు వెనకాలే ఇటుకలు మెత్తబడ్డాయి. 1979లో ఆ సిమెంటంతా కొట్టేసి మళ్లీ మట్టి పూతకే వచ్చారు. ఇప్పటికీ ఊరివాళ్లంతా కలిసి ఏటా పూత వేస్తారు. పాత మట్టి కట్టడాల పునరుద్ధరణను వృత్తిగా ఎంచుకునే విద్యార్థి మొదట తెలుసుకోవాల్సింది ఈ చర్చి గురించే.

పాడుబడ్డ గోడ దగ్గర ముందు తేల్చాల్సింది నీళ్ల సంగతి. కప్పు కారుతోందా? చూరు నీళ్లు గోడ మొదట్లో పడుతున్నాయా? చుట్టూ నేల ఎత్తు పెరిగిందా? అది తెలియకుండా పగుళ్లు పూడిస్తే డబ్బు దండగే. తర్వాత మట్టి పరీక్ష. గోడ మట్టిని సీసాలో వేసి, నీళ్లు పోసి, బాగా గిలక్కొట్టి కదలకుండా ఉంచితే ఇసుక అడుగున, దాని మీద ఒండ్రు, పైన బంకమట్టి పేరుకుంటాయి. బంక ఎక్కువైతే ఎండాక బీటలిస్తుంది కాబట్టి ఇసుక, తరిగిన గడ్డి కలుపుతారు. కరిగిన ఇటుకల చోట అదే తరహా మట్టితో కొత్తవి పోసి, పూర్తిగా ఎండాక, మట్టి అడుసుతోనే పేరుస్తారు. ఊతకర్రలు పెట్టి, కొద్దికొద్దిగా విప్పుతూ చేయాల్సిన పని ఇది. తొందరపడేవాళ్లు దీని జోలికి రాకపోవడమే మంచిది.

ఈ వృత్తిలోకి రావడానికి ఇంటర్ ఎంపీసీ చదివినవారు ఆర్కిటెక్చర్ ప్రవేశ పరీక్ష నాటా లేదా జేఈఈ మెయిన్ పేపర్-2 రాసి అయిదేళ్ల బీఆర్క్‌లో చేరొచ్చు. హైదరాబాద్‌లో జవహర్‌లాల్ నెహ్రూ ఆర్కిటెక్చర్ అండ్ ఫైన్ ఆర్ట్స్ యూనివర్సిటీ (జేఎన్ఏఎఫ్ఏయూ), విజయవాడలో స్కూల్ ఆఫ్ ప్లానింగ్ అండ్ ఆర్కిటెక్చర్ (స్పా) ఉన్నాయి. ఆపై ఢిల్లీ, భోపాల్ స్పాల్లో కన్జర్వేషన్‌లో ఎంఆర్క్ ఉంది. మట్టి నిర్మాణాన్నే లోతుగా చదవాలంటే ఫ్రాన్స్‌లోని గ్రెనోబుల్‌లో క్రాటెర్ అనే పేరున్న సంస్థ ఉంది. ఆరోవిల్ ఎర్త్ ఇన్‌స్టిట్యూట్‌లో స్వల్పకాలిక శిక్షణలు దొరుకుతాయి. 2001 గుజరాత్ భూకంపం తర్వాత భుజ్‌లో మొదలైన హున్నర్‌శాల అనే సంస్థ స్థానిక పనివారితో కలిసి పనిచేస్తుంది. మట్టి ఇళ్లు భూకంపాన్ని తట్టుకునేలా చేయడానికి మన దేశంలో ఐఎస్ 13827 ప్రమాణం ఉంది. సివిల్ డిప్లొమా వాళ్లూ దాన్ని తప్పక చదవాలి.

నా దృష్టిలో డిగ్రీ కంటే ముందు కావాల్సింది పాత మేస్త్రి దగ్గర శిష్యరికం. డ్రాయింగ్ చదవగలిగి, అడుసు పదునును చేత్తో పట్టి చెప్పగలిగేవారు చాలా అరుదు. మొదట్లో ఆదాయం తక్కువే. ఆ సంగతి తెలిసే రండి.

రాయలసీమ పల్లెల్లో మట్టి మిద్దెలు ఇంకా ఉన్నాయి. ఈ సెలవుల్లో ఒకదాన్ని ఎంచుకుని, యజమాని అనుమతితో కొలతలు తీసి, తడి మచ్చలను ప్లాను మీద గుర్తించండి. వానలు పడ్డాక మళ్లీ వెళ్లి తేడాలు చూసి, అన్నీ ఒక పుస్తకంలో రాసుకోండి. ఇంటర్వ్యూలో చూపించడానికి ఆ పుస్తకమే పనికొస్తుంది. ఒరిగిన గోడ పక్కకు, పుచ్చిన దూలాల కిందకు మాత్రం ఒంటరిగా వెళ్లకండి.