అమెజాన్ ముఖమున అఫువా

బ్రెజిల్ దేశపు ఉత్తరభాగమున, అమెజాన్ నది అనేక పాయలై అట్లాంటిక్ మహాసముద్రమున కలియుచోట అఫువా అను పురపాలక ప్రాంతము కలదు. ఇది పారా రాష్ట్రమునకు చెందినది. పురపాలకమనగానే మనకు పట్టణమే తోచును. బ్రెజిల్‌లో నా మాట పట్టణముతోబాటు చుట్టునున్న పల్లెలకును, అడవులకును, పాయలకును వర్తించును. అఫువా వైశాల్యము 8 వేల చదరపు కిలోమీటర్లకు పైబడినది. 2022 జనాభా లెక్కలలో జనసంఖ్య సుమారు 38 వేలు. అనగా చదరపు కిలోమీటరుకు ఐదుగురైనను లేరు.

అచ్చటికి రోడ్డు లేదు. నదికి ఆవలనున్న మకాపా నగరమునుండి పడవలో రావలెను. సముద్రపు పోటు రోజుకు రెండు మారులు నదిని వెనుకకు నెట్టును. నదీప్రవాహము మిక్కిలి పెద్దదగుటచే నీరు ఉప్పన కాదు గాని మట్టము లేచును. అందుచేత ఇండ్లు, దుకాణములు, వీధులు సైతము కొయ్య గుంజలపై నిలిపినారు. మోటారు వాహనములు నిషిద్ధములు. రెండు సైకిళ్లను ప్రక్కప్రక్కన జోడించి నాలుగు చక్రముల బండ్లు చేసికొన్నారు. రోగిని ఆసుపత్రికి చేర్చునదియు సైకిలు బండియే. సంవత్సరారంభ మాసములలో పున్నమి, అమావాస్యల పెద్ద పోటుకు వీధులపైకి కూడ నీరు వచ్చును, పిల్లలకది పండుగ.

ఈ వింతలు చూడ వచ్చువారు పట్టణము చూచి మరలిపోవుదురు. కాని జనులలో ఎక్కువమంది పాయల వెంబడి, ఒకరికొకరు దూరముగానున్న ఇండ్లలో నివసింతురు. రొయ్యలు పట్టుదురు. అంతకు మించిన ఆధారము అసాయీ అను తాటిజాతి చెట్టు. దీని పండు నేరేడువలె నల్లన, బఠాణీ గింజకంటె కొంచెము పెద్దది. లోపలనంతయు గింజయే, పైన పలుచని గుజ్జు. పండ్లను వెచ్చని నీట నానబెట్టి గుజ్జు తీసి, కర్రపెండలపు పిండితోను, చేపలతోను భుజింతురు. అది వారికి ఫలహారము కాదు, భోజనము. సన్నని చెట్టును, మన గీతపనివారివలె పాదములకు చుట్ట తగిలించుకొని ఎక్కి గెలలు కోయుదురు.

ఈ చెట్టునకు ఒకప్పుడు గొప్ప ఆపద వచ్చినది. దాని మొవ్వును డబ్బాలలో నింపి అమ్ముదురు. మొవ్వు తీసిన మ్రాను చచ్చును. దక్షిణ బ్రెజిల్‌లో ఒంటి మ్రానుగా పెరుగు తాటిజాతి ఈ వ్యాపారమువలన కరగిపోగా, 1970 ప్రాంతమున కర్మాగారములు అమెజాన్ ముఖమునకు తరలివచ్చినవి. మ్రానులు విస్తారముగా కూలినవి. అయితే అసాయీ అరటివలె పిలకలు వేసి గుబురుగా పెరుగును. ఈ గుణమే దానిని కాపాడినది. 1990 తరువాత నగరములలో పండ్లకు గిరాకి పెరుగగా రైతు లెక్క మారినది. మొవ్వు ఒక్కసారి వచ్చును. పండు ఏటేట వచ్చును. గుబురునకు ఐదారు మంచి మ్రానులనుంచి, ముదిరినవానిని మాత్రమే మొవ్వుకై తీయు పద్ధతి వ్యాపించినది.

ధర పెరుగుటతో వేరొక చిక్కు పుట్టినది. కొందరు ఇతర వృక్షములను నరికి అసాయీనే పెంచుచున్నారు. పుప్పొడి చేరవేయు చిన్న ఈగలకును, తేనెటీగలకును ఆ అడవియే నివాసము. అడవి పలుచనైనచోట కాపు తగ్గునని పరిశోధకులు గమనించినారు.

పండుతోబాటు ఒకవిధమైన నల్లి వంటి పురుగు నలిగినచో, గుండెను దెబ్బతీయు చాగస్ వ్యాధి సంక్రమించును. అందువలన పారా ప్రభుత్వము 2012లో గుజ్జు తీయువారికి ఒక నియమము విధించినది: కడిగిన పండ్లను 80 డిగ్రీల వేడినీట 10 సెకన్లు ముంచి, వెంటనే చల్లార్చవలెను. దీనికి కావలసినవి ఒక పాత్ర, ఒక ఉష్ణమాపకము, శుభ్రమైన నీరు. చుట్టును నదియే యైనను, పాయల ఒడ్డున ఈ మూడవది సంపాదించుటయే కష్టము.