ఇసుక చెప్పే సాక్ష్యం



మా జనగామ మెట్ట ప్రాంతం. చెరువు నిండితేనే పంట. అందుకే గోదావరి మీద ఏమి జరిగినా మా తరగతి గదిలో ఆ మాట వస్తుంది. 2023 అక్టోబరు 21న భూపాలపల్లి జిల్లా మేడిగడ్డ బ్యారేజిలో కొన్ని పియర్లు, అనగా గేట్లను మోసే కాంక్రీటు స్తంభాలు, కుంగాయి. 85 గేట్ల ఆ బ్యారేజి ప్రారంభమైనది 2019 జూన్ 21న. దసరా సెలవుల తరువాత తొమ్మిదవ తరగతి అమ్మాయి ఒకతె లేచి, "సార్, తప్పెవరిది?" అని అడిగింది.

నేను వెంటనే జవాబు చెప్పలేదు. ఆమె ప్రశ్నలో మూడు ప్రశ్నలు ఇమిడి ఉన్నాయి. పియర్లు ఎందుకు కుంగాయి? బాధ్యులెవరు? ఇకముందు ఏమి చేయాలి? మొదటిది విజ్ఞానశాస్త్రం తేల్చాలి. రెండవది చట్టం తేల్చాలి. మూడవది ప్రజాప్రతినిధులు నిర్ణయించాలి. ముందుగా మొదటిదానిని చూద్దాం.

నీరు నడిచే దొంగదారి

ఇసుక మీద కట్టడమే తప్పా? కాదు. 1847-52 మధ్య ఆర్థర్ కాటన్ ధవళేశ్వరం ఆనకట్టను గోదావరి ఇసుక మీదనే కట్టించాడు. అయితే ఇసుకలో ఊటను అదుపులో ఉంచాలి.

ఒక గాజు తొట్టిలో సగం వరకు ఇసుక నింపండి. మధ్యలో ఒక రేకును నిలువుగా కొద్ది లోతు దింపి, అంచులను మైనంతో మూయండి. ఒక పక్క మాత్రమే నీరు పోయండి. నీరు ఇసుకలోకి దిగి, రేకు అడుగునుండి దాటి, రెండవ పక్క పైకి ఉబుకుతుంది. మట్టాల తేడా పెంచేకొద్దీ ఉబుకు పెరుగుతుంది. పైకి నెట్టే బలం రేణువుల బరువుకు సమానమైనప్పుడు ఇసుక ఉడికే ఎసరులా కదులుతుంది. ఇంజనీర్లు భయపడేది దీనికే. ఇసుక కొట్టుకుపోతే కట్టడం కింద డొల్ల ఏర్పడుతుంది. దీనినే 'పైపింగ్' అంటారు.

రేకును ఇంకా లోతుకు దింపి చూడండి. నీటి దారి పొడవై ఉబుకు తగ్గుతుంది. ముతక ఇసుకలో 1 మీటరు మట్టాల తేడాకు 12 మీటర్ల ఊట దారి ఉండాలని 1910లో బ్లై అనే ఇంజనీరు లెక్క చెప్పాడు. దారి పొడవు ఒక్కటే చాలదనీ, నీరు బయటపడే చోట దాని నెట్టుడు ఎంత ఉందో కూడా చూడాలనీ 1936లో మన దేశపు ఇంజనీరు ఖోస్లా, ఆయన సహచరులు చూపారు.

చట్టం పని

మన దేశంలో 2021లో ఆనకట్టల భద్రతా చట్టం వచ్చింది. దాని కింద ఏర్పడిన జాతీయ సంస్థ నిపుణులు మేడిగడ్డను పరిశీలించారు. పునాది కింది ఇసుక కొట్టుకుపోవడం కుంగుబాటుకు ఒక కారణమని 2023 నవంబరులో నివేదిక ఇచ్చారు. అడిగిన వివరాలన్నీ అందలేదని కూడా వ్రాశారు. రాష్ట్ర నీటిపారుదల శాఖ అప్పట్లో ఆ నివేదికతో విభేదించింది. అదే నెల 30న శాసనసభ ఎన్నికలు. సభల్లో ఒక పక్షం ఒక మాట, మరొక పక్షం మరొక మాట చెప్పాయి.

ప్రయోగశాలకు ఇసుకను పరీక్షించే శక్తి ఉంది కాని, కాగితాలు తెప్పించే అధికారం లేదు. ఆ అధికారం చట్టానికుంది. 2024 మార్చిలో రాష్ట్ర ప్రభుత్వం జస్టిస్ పినాకీ చంద్ర ఘోష్ కమిషన్‌ను నియమించింది. 2025 జులై 31న ఆ కమిషన్ నివేదిక ఇచ్చింది. ఒకటి గుర్తుంచుకోండి: విచారణ కమిషన్ శిక్ష వేయదు. నిజాలు సేకరించి అభిప్రాయం చెబుతుంది. శిక్ష వేయడం న్యాయస్థానం పని.

బడి పని

శాస్త్రీయ దృక్పథం పెంచుకోవడం పౌరుని విధి అని 1976లో మన రాజ్యాంగంలో చేరింది. అది పరీక్ష కోసం బట్టీపట్టే వాక్యం కాదు. ఎవరైనా ఒక మాట చెప్పినప్పుడు, "దీనికి కొలత ఏది? ఆ కొలతను ఎవరైనా చూడవచ్చునా?" అని అడగడమే ఆ దృక్పథం. ఇసుకకు ఓటు లేదు, పక్షం లేదు. మనం ఏ పార్టీని అభిమానించినా అది ఒకే విధంగా కదులుతుంది.

ఆ అమ్మాయికి చివరకు నేను చెప్పినది ఇంతే: "ముందు ఎందుకు అని అడుగు. ఎవరు అన్నది ఆ తరువాత అడుగు."

చేసి చూడండి:
1. సన్న ఇసుకతోను, ముతక ఇసుకతోను అదే ప్రయోగం చేసి తేడా వ్రాయండి.
2. మీ ఊరి చెరువు కట్ట దిగువన ఊట ఉందా? పెద్దలను వెంటబెట్టుకొని చూడండి. వచ్చే నీరు తేటగా ఉందా, మట్టి కలిసి వస్తోందా? మట్టి కలిసి ఉంటే వెంటనే ఊరి పెద్దలకు చెప్పండి.