యిత్రో ఎవరిని వెంటబెట్టుకొని వచ్చెను?
పాఠము: నిర్గమకాండము 18

పెనుకొండ దగ్గర ఎర్రమంచిలో 2019లో కియా కార్ల తయారీ మొదలైనది. కొరియా అధికారులు పరదేశమందుండి మన పిల్లలచేత పని చేయించుచున్నారు. హిందూపురములోను ధర్మవరములోను మనవారు దీనిని ఎరుగుదురు.

మోషే ఉదయము మొదలు సాయంకాలము వరకు తానొక్కడే తీర్పు తీర్చుచుండెను. భార్య సిప్పోరాయు ఇద్దరు కుమారులును ఆమె పుట్టింట నుండిరి. పెద్దవాని పేరు గెర్షోము. పరవాసమును తలచి పెట్టిన పేరది. మామ యిత్రో మొదట వారిని తెచ్చి అప్పగించెను, ఆలోచన చెప్పినది మరునాడు. ఈ వరుసను మనము తరచుగా గమనింపము. వేయిమందికి, నూరుమందికి, ఏబదిమందికి, పదిమందికి నమ్మదగినవారిని ఆ జనులలోనుండియే నియమింపుమనెను.

అన్నియు తానే చూచుకొను అధికారిని కష్టజీవియని మెచ్చుకొందుము. మనకు తోచినంతలో అది అపనమ్మకమే. కొరియాలో అతని పిల్లలు, ధర్మవరములో అతని పనివాని పిల్లలు, నాన్నకొరకు మేలుకొనియే యుందురు.