అక్క మూలుగ తమ్ముడికి కలిస్తే చాలా?

మటన్ కూరలో నల్లి బొక్క పీల్చినప్పుడు వచ్చే మెత్తటి పదార్థమే మూలుగ. డాక్టర్లు బోన్‌మ్యారో అనేది దీన్నే. మన రక్తం పుట్టేది అక్కడే. తెలుగు క్లాసువాళ్లకు ఈ పాఠం ఎందుకు అనుకోకండి. మన బాబ్లీకి పైన కిన్వట్ వైపు, అవతల ఆదిలాబాద్ గోండు, కొలాం గూడేల్లో సికిల్ సెల్ జబ్బు ఉంది. తెలుగు ఊళ్లలో థాలసీమియా పిల్లలూ ఉన్నారు. ఈ జబ్బులను వేళ్లతో సహా తీసే వైద్యాల్లో ముఖ్యమైనది మూలుగ మార్పిడి. ఆ రోజు ఇంట్లో వచ్చే మొదటి ప్రశ్న, "ఎవరిది కలుస్తుంది?"

కలవడం అంటే ఏమిటో చూద్దాం.

మన కణాల పైన హెచ్‌ఎల్‌ఏ అనే ప్రోటీన్లు ఉంటాయి. వీటి జన్యువులు 6వ క్రోమోజోమ్ మీద ఒక కట్టగా ఉంటాయి. అమ్మ నుంచి ఒక కట్ట, నాన్న నుంచి ఒక కట్ట వస్తాయి. అందుకే ఒక తోబుట్టువుతో పూర్తిగా కలిసే అవకాశం నాలుగింట ఒక వంతు. అమ్మానాన్నలతో మామూలుగా సగమే కలుస్తుంది.

హెచ్‌ఎల్‌ఏ చేసే పని ఏమిటంటే, కణం లోపలి ప్రోటీన్ల చిన్న ముక్కలను బయటికి చూపించడం. టీ కణాలు వాటిని తడిమి చూస్తాయి. ధర్మాబాద్ బజారులో తెలుగూ మరాఠీ రెండూ వినిపిస్తాయి కదా. నోరు తెరవగానే యాసను బట్టి మనిషిది ఏ ఊరో పోల్చేస్తాం. టీ కణం కూడా అంతే, మాటనూ (ముక్క) యాసనూ (హెచ్‌ఎల్‌ఏ) కలిపే వింటుంది.

కిడ్నీ మార్పిడిలో రోగి శరీరం కొత్త అవయవాన్ని తోసేస్తుందేమోనని భయం. మూలుగ మార్పిడిలో ఆ భయంతో పాటు ఎదురు భయం కూడా ఉంది. మూలుగతో పాటు దాత టీ కణాలూ వస్తాయి. అవి రోగి శరీరాన్నే పరాయిది అనుకోవచ్చు. దీనికి మూడు షరతులు కావాలని బిల్లింగ్‌హామ్ 1966లో చెప్పారు. ఇచ్చిన దానిలో పోరాడగల కణాలుండాలి. దాతలో లేనిది ఏదో రోగిలో ఉండాలి. రోగికి ఎదిరించే శక్తి లేకుండా పోవాలి. మార్పిడికి ముందు ఇచ్చే గట్టి మందులతో మూడోది ఎలాగూ జరుగుతుంది.

గుర్తుపట్టడం రెండు దారుల్లో జరుగుతుంది. మొదటిది నేరుగా. మందుల తర్వాత కూడా రోగి సొంత కాపలా కణాలు కొన్ని మిగిలి ఉంటాయి. హెచ్‌ఎల్‌ఏ కలవకపోతే, దాత టీ కణాలకు వాటి యాసే కొత్త. మన టీ కణాల్లో నూటికి 1 నుంచి 10 దాకా ఇలా పరాయి హెచ్‌ఎల్‌ఏకు ఉలిక్కిపడేవే. అందుకే ఈ స్పందన అంత వేగంగా, అంత గట్టిగా ఉంటుంది. రెండోది చాటుగా. కొత్త మూలుగ నుంచి పుట్టిన కాపలా కణాలు, చనిపోయిన రోగి కణాల ప్రోటీన్లను ఏరి ముక్కలు చేసి చూపిస్తాయి. యాస మనదే, చెప్పే కబురు మాత్రం పరాయిది. దెబ్బ ఎక్కువగా చర్మం, పేగులు, కాలేయం మీద పడుతుంది. అరచేతుల్లో, అరికాళ్లలో ఎర్రటి దద్దుర్లు మొదటి గుర్తుల్లో ఒకటి.

మరి హెచ్‌ఎల్‌ఏ పూర్తిగా కలిసిన అక్క ఇస్తే? ఇక్కడే మన శీర్షిక ప్రశ్న వస్తుంది. తమ్ముడి కణాల్లో వై క్రోమోజోమ్ తయారు చేసే ప్రోటీన్లు ఉంటాయి. అక్క టీ కణాలు వాటిని పుట్టి ఎరగవు. యాస ఒకటే అయినా, వినని మాట అది. అక్కకు మగపిల్లలు పుట్టి ఉంటే, కడుపుతో ఉన్నప్పుడే ఆమె టీ కణాలకు ఈ మాట పరిచయమై ఉండొచ్చు. కనుక ప్రమాదం కొంచెం పెరుగుతుంది. అలాగని అక్కను వద్దనరు. కలిసిన అక్క ఉండటం పెద్ద అదృష్టమే. డాక్టర్లు ముందే జాగ్రత్త పడతారంతే. ఇచ్చిన అక్కకు మూలుగ కొన్ని వారాల్లో మళ్లీ ఊరుతుంది.

మన మేనరికాల సంగతి కూడా ఇక్కడ చెప్పుకోవాలి. భార్యాభర్తలిద్దరికీ ఒకే తాత నుంచి ఒకే హెచ్‌ఎల్‌ఏ కట్ట వచ్చి ఉంటే, బిడ్డకు అమ్మో నాన్నో పూర్తిగా కలిసిపోవచ్చు. కానీ అదే లెక్కన జబ్బు జన్యువు కూడా రెండు వైపుల నుంచీ వచ్చి బిడ్డలో బయటపడుతుంది. దాత దొరకడాన్నీ, దాత అవసరం రావడాన్నీ రెండింటినీ మేనరికమే పెంచుతోంది. పెళ్లికి ముందు రక్తపరీక్ష మేలు అనడం ఇందుకే.

టీ కణాలను ఆపేదెలా? ఇందులో మన తెలుగువాడి చేయి ఉంది. 1895లో భీమవరంలో పుట్టిన యల్లాప్రగడ సుబ్బారావు, అమెరికాలో లెడర్లీ సంస్థలో ఫోలిక్ ఆమ్లం మీద పనిచేశారు. ఆ పని నుంచే ఫోలిక్ ఆమ్లానికి అడ్డుపడే మందులు వచ్చాయి. కణం రెండుగా చీలాలంటే ఫోలిక్ ఆమ్లం కావాలి. సుబ్బారావు 1948లో పోయారు. లుకేమియా పిల్లల మీద ఈ మందుల ఫలితాలను ఫార్బర్ ప్రకటించింది ఆ ఏడాదే. ఈ కుటుంబంలోని మెథోట్రెక్సేట్‌ను మార్పిడి తర్వాత 1, 3, 6, 11 రోజుల్లో చిన్న మోతాదుల్లో ఇస్తారు. అప్పుడే కదా పరాయిని గుర్తుపట్టిన టీ కణాలు జోరుగా చీలుతుంటాయి! దెబ్బ వాటి మీదే ఎక్కువ పడుతుంది. సగమే కలిసిన అమ్మానాన్నలు ఇచ్చినప్పుడు 3, 4 రోజుల్లో సైక్లోఫాస్ఫమైడ్ ఇచ్చే పద్ధతిలోనూ కిటుకు ఇదే. మూలకణాలు దాన్ని తట్టుకుంటాయి. చీలుతున్న టీ కణాలు తట్టుకోలేవు.

ఒక మాట మిగిలింది. లుకేమియాలో దాత టీ కణాలు మిగిలిన క్యాన్సర్ కణాలనూ పరాయివిగా పట్టి చంపుతాయి, కాబట్టి ఈ కోపం కొంత ఉండాలి. సికిల్ సెల్, థాలసీమియాల్లో దానితో ఏ లాభమూ లేదు, నష్టమే. జబ్బును బట్టి టీ కణాలను ఎంత ఆపాలో డాక్టరు తూచుకోవాల్సిందే.

అందుకే ఎవరింట్లోనైనా "అక్కది కలిసింది" అన్న మాట వింటే సంతోషించండి. వైద్యం అక్కడితో అయిపోలేదని కూడా గుర్తుంచుకోండి. తర్వాతి నూరు రోజులూ ఆ ఇంటికి మన తోడు కావాలి.