జన్యు సవరణ సాంబమసూరి: నగర జనాభా, పంటకాలం, విత్తన హక్కు

తెలంగాణ జనాభా సమస్యను సంఖ్యతో మాత్రమే కొలువరాదు. 2019–21 జాతీయ కుటుంబ ఆరోగ్య సర్వే ప్రకారం రాష్ట్రంలో ఒక్కో మహిళకు సగటు సంతానం 1.8. జనాభా స్థిరంగా నిలవడానికి కావలసిన 2.1 కన్న ఇది తక్కువ. మారుతున్నది జనం నివసించే చోటు. హైటెక్ సిటీ కొలువులకు చేరువగా ఉన్న మూసాపేట వంటి పేటలలో పల్లెల నుండి వచ్చిన యువత అద్దెగదులలోను, హాస్టళ్లలోను ఉంటున్నది. బియ్యం తినేవారు ఇక్కడ పెరుగుతుండగా, అక్కడ నాట్లకు బీహారు, పశ్చిమ బెంగాల్ కూలీల బృందాలను పిలవవలసి వస్తున్నది. పైగా 2025 ఏప్రిల్ నుండి రేషన్ దుకాణాలలోను సన్నబియ్యమే ఇస్తున్నందున సన్నాల అవసరం మరింత పెరిగింది.

ఈ నేపథ్యంలో అదే నగరంలోని రాజేంద్రనగర్‌లో గల భారతీయ వరి పరిశోధన సంస్థ రూపొందించిన డీఆర్ఆర్ ధాన్ 100 (కమల) పరిశీలింపదగినది. దీనిని కేంద్ర ప్రభుత్వం 2025 మే 4న ప్రకటించింది. మూలం బాపట్లలో పుట్టిన సాంబమసూరి (బీపీటీ 5204). సైటోకైనిన్ హార్మోనును విచ్ఛిన్నం చేసే ఎంజైముకు చెందిన జన్యువును క్రిస్పర్ పద్ధతిలో కత్తిరించగా, కణమే ఆ కోతను అతికించుకొనేటప్పుడు జన్యువు పనిచేయకుండా పోతుంది. హార్మోను నిలిచి, వెన్నులో గింజల సంఖ్య పెరుగుతుంది. తుది మొక్కలో అన్య జన్యువు మిగలదు. దిగుబడి సుమారు 19 శాతం అధికమని, పంటకాలం దాదాపు 20 రోజులు తగ్గి 130 రోజులకు వస్తుందని సంస్థ పేర్కొన్నది.

దిగుబడి కన్న ఆ 20 రోజులే విలువైనవి. వానాకాలం కోత ముందుకు జరిగితే యాసంగి నార్లు ముందుగా పోయవచ్చు. గింజ ముదిరేనాటికి ఏప్రిల్ వడగండ్లను, మిల్లులో నూక శాతాన్ని పెంచే ఎండలను కొంతవరకు తప్పించుకోవచ్చు. అయితే కాలువ నీటి విడుదల, కొనుగోలు కేంద్రాల ప్రారంభ తేదీలు పాత లెక్కనే సాగితే, ముందు కోసిన రైతు ధాన్యం కల్లంలోనే వేచి ఉండవలసి వస్తుంది.

కూలీల విషయం మరింత చిక్కైనది. రెండు పంటల నడుమ వ్యవధిని వాడుకోదలచినవారు నాట్లు మాని వెదజల్లుటకు లేక డ్రమ్ సీడరుకు మొగ్గుతారు. అప్పుడు కలుపు పెరిగి, కలుపు మందుల వాడకం పెరుగుతుంది. నాట్లు, కలుపుతీత అనే రెండు పనులూ ప్రధానంగా మహిళలవే. వలస వెళ్లలేక ఊరిలో మిగిలినదీ ఎక్కువగా వారే. ప్రదర్శన క్షేత్రాల నివేదికలలో ఎకరా దిగుబడితో పాటు ఎకరాకు తగ్గిన మహిళా పనిదినాలను కూడా నమోదు చేయవలసి ఉన్నది.

‘ఇది బీటీ పత్తి వంటిదేనా?’ అన్న ప్రశ్న రైతుల నుండి తప్పక వస్తుంది. కాదనుటకు ఆధారం కలదు. అన్య జన్యువు లేని ఇటువంటి మొక్కలకు 2022 మార్చిలో కేంద్రం 1989 నాటి నిబంధనలలో కొన్నింటి నుండి మినహాయింపు ఇచ్చింది. ఈ సడలింపును ప్రశ్నించే పౌర, రైతు సంఘాల అభ్యంతరాలను కూడా రైతుకు దాచకుండా చెప్పడం మేలు. ఇది హైబ్రిడ్ కాదు గనుక విత్తనం దాచుకొని మరల వేయవచ్చు. 2001 నాటి వంగడాల పరిరక్షణ, రైతు హక్కుల చట్టం ఆ హక్కును గుర్తించింది. కాని క్రిస్పర్ సాధనంపై కీలక పేటెంట్లు విదేశీ సంస్థల చేతిలో ఉన్నాయి. లైసెన్సు షరతులు రైతు విత్తనాన్ని తాకుతాయా, లేదా అన్నది విత్తన సంచి గ్రామానికి చేరకముందే లిఖితపూర్వకంగా తేలాలి.